పదిహేడో నంబరు చెట్టు

మా పార్కుల శాఖలో చెట్టు కొట్టాలంటే ముందు నా సంతకం పడాలి. కొమ్మల్లోనో తొర్రలోనో పిట్ట కాపురం ఉంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ వరస మొత్తాన్ని ముట్టుకోకూడదు. ఉందో లేదో చూడడమే నా ఉద్యోగం. నిచ్చెనెక్కి చూడాలని రూలు. మాలో ఎవరూ ఎక్కరు. కర్రతో మాను మీద మూడుసార్లు తడతాం. పిట్ట ఎగిరితే 'ఉంది', ఎగరకపోతే 'ఖాళీ'. మా పాత సూపర్‌వైజరు నేర్పిన విద్య అది. ఇరవై ఏళ్లుగా అలా తట్టుకుంటూనే నెట్టుకొస్తున్నాను.

రోడ్డు వెడల్పు చేస్తారట, రైలు పట్టాల పక్కనున్న ఇరవై రెండు చెట్ల వరస నా వంతుకొచ్చింది. దానికెదురుగానే మా అక్క ఇల్లు. బావ పోయాక అక్క ఏడాదిపాటు వీధివైపు కిటికీ తెరవలేదు. పదిహేడో నంబరు చెట్టుకు వడ్రంగిపిట్ట తొర్ర తొలుస్తుంటే, ఆ టకటకలేమిటో చూద్దామని తెరిచింది. మళ్లీ మూయలేదు. కుట్టుమిషను కూడా కిటికీ దగ్గరికే జరుపుకుంది.

నేను కర్ర పట్టుకుని ఆ చెట్టు దగ్గరికి వెళ్లగానే కిటికీలోంచి కేకేసింది.

"ఒరేయ్, అది గుడ్ల మీదుందిరా. తడితే రాదు. పక్కనే అన్ని రైళ్లు పోతున్నా కదలదు. నిచ్చెనెక్కి చూడు."

"అబ్బబ్బ! ఇరవై ఏళ్ల సర్వీసు నాది. తాతకు దగ్గులు నేర్పకే."

"నీ సర్వీసు ఎవడిక్కావాలిరా? ఒక్కసారి ఎక్కి చూడు. పొద్దున లేచి చూసుకోడానికి నాకంటూ మిగిలింది అదొక్కటే."

నిచ్చెన వ్యాను మీద కట్టేసి ఉంది. నాకు మోకాలు నొప్పి. ఇంకా అయిదు చెట్లున్నాయి. మూడుసార్లు తట్టాను. ఏమీ రాలేదు. అక్క చూస్తుండగానే 'ఖాళీ' అని రాశాను.

నాలుగో రోజు రంపాలొచ్చాయి. మధ్యాహ్నం కోతమేస్త్రి ఫోన్ చేసి, "సార్, పదిహేడులో పిట్ట ఉందండీ," అన్నాడు.

వెళ్లి చూశాను. మాను పడి, తొర్ర దగ్గర చీలింది. చెట్టు కూలుతున్నా అది లేవలేదు. చితికిన గుడ్ల మీద అలాగే రెక్కలు పరుచుకుని చచ్చి ఉంది. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఎవరి మీద తెచ్చుకోను? రాసింది దిద్దుకోవడానికి ఫారంలో గడి ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

"మిగతా అయిదూ కొట్టెయ్యమంటారా?" అన్నాడు మేస్త్రి.

రూలు ప్రకారం ఇప్పుడు ఆ వరస నిజంగానే ఖాళీ.

"కొట్టెయ్," అన్నాను.

వీధి దాటి అక్క ఇంటికి వెళ్లాను. కిటికీ మూసి ఉంది. లోపల కుట్టుమిషను ఆడుతోంది. తలుపు మూడుసార్లు తట్టాను. మిషను ఆగింది. ఎవరూ రాలేదు.

"అక్కా!" అని పిలిచి, మళ్లీ మూడుసార్లు తట్టాను.

లోపలే ఉంది.