స్నానాలగదికి లేత గోధుమ రంగు

ప్రభుదాసుగారి స్నానాలగది కట్టడం పూర్తయి రెండు నెలలైనా అందులో ఒక్క చెంబెడు నీళ్ళు పడలేదు. గోడలకి ఏ రంగు వెయ్యాలో ఆయన ఇంకా తేల్చుకోలేదు. అదీ సంగతి.

డెబ్భై నాలుగో సంవత్సరం, డిసెంబరు నెల. తిరువూరులో ఆ వీధి మొత్తానికి ఇంటితో కలిపి కట్టిన స్నానాలగది అదొక్కటే. కింద సిమెంటు గచ్చు, మూలన నీళ్ళ గాబు, తలుపుకి లోపల గడియ, బయట తాళం. గడియ కంటే తాళానికే పని ఎక్కువ పడింది. రంగు వెయ్యకముందే నీళ్ళు పడితే గోడలు చెమ్మ పడతాయని, ఆయన తాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. రెండో చెవి సున్నాలు వేసే మీరావలి దగ్గర ఉండేది.

ప్రభుదాసుగారు ఓ ఆఫీసులో హెడ్‌గుమాస్తా. ఒకరోజు సంతకం కోసం పెద్ద ఆఫీసరుగారి బంగళాకి ఫైలు తీసుకెళ్ళి, చేతికి సిరా అంటిందని కడుక్కోవడానికి లోపలి స్నానాలగదిలోకి వెళ్ళాడు. అక్కడి గోడలు లేత గోధుమ రంగులో ఉన్నాయట. ఆ రోజు నుంచి ఆయనకి ఊళ్ళో గోడలన్నీ అసహ్యంగా కనపడటం మొదలెట్టాయి. తెల్లసున్నం వేసినవాడు దరిద్రుడు, నీలం వేసినవాడు మొరటోడు, ఆకుపచ్చ వేసినవాడికి అసలు చదువే లేదు. బెజవాడ వెళ్ళి ఓ రంగుల కార్డు సంపాదించుకొచ్చాడు. అందులో లేత గోధుమలే ఎనిమిది రకాలు. ఆ డబ్బా రంగులు కొనడానికి మాత్రం చెయ్యి రాలేదు. సున్నంలో పొడి కలిపి అచ్చం అదే రంగు తెప్పించమని మీరావలిని పిలిచాడు. దొరల రంగు కావాలి, సున్నం ఖర్చులో రావాలి.

మనిషికి రంగుల పిచ్చి ఉంటే ఉండనివ్వండి. కానీ ఆ గది అవసరం ఆయనది కాదు. ఆయన భార్య జ్ఞానమణిది. ఆవిడ పెనుగొలను బళ్ళో టీచరు. పొద్దున ఏడింటి బస్సు అందుకోవాలి. ఇన్నాళ్ళూ దొడ్లో తాటాకు తడిక చాటున బండ మీద నీళ్ళు పోసుకునేది. ఆ ఏడాది పక్కింటి హనుమయ్య మేడ కట్టడం మొదలెట్టాడు. తెల్లవారీ తెల్లవారకముందే పైన తాపీ పనివాళ్ళు. అక్కడ నిలబడితే తడిక లోపల చెంబు ఎటు పక్కన పెట్టారో కూడా కనపడుతుంది. అందుకని ఆవిడ నాలుగింటికే లేచి, ఆ చలిలో, ఆ చీకట్లో వణుక్కుంటూ నీళ్ళు పోసుకుని వచ్చేది. మూడు వారాలుగా దగ్గు తగ్గలేదు. పదడుగుల దూరంలో, నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న గదికి తాళం.

మీరావలి మొదటిరోజు ఆ కార్డు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు తిప్పి చూశాడు.

"ఇది గోధుమపిండి సార్. ఇది జున్ను. ఇది నిన్నటి గంజి. ఈ చివరిది నాకు అంతుబట్టలా."

"తిండి తప్ప ఇంకోటి తెలీదా నీకు?" అన్నాడు ప్రభుదాసు. "వాటికి ఇంగ్లీషులో పేర్లున్నాయి. నీకు చెప్పినా నోరు తిరగదు."

"పేరుతో గోడకేం పని సార్. మీరు వేలు పెట్టండి, నేను కలుపుతా."

ఆయన మూడోదాని మీద వేలు పెట్టాడు. మీరావలి సున్నంలో పసుప్పచ్చ రంగు పొడి, కావిరంగు పొడి చిటికెలు చిటికెలుగా కలిపి, గోడ మీద జానెడు మేర కుంచెతో పూసి చూపించాడు. ప్రభుదాసు కార్డు దానికి ఆనించి, కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, పెదవి విరిచాడు.

"ముదురు."

"పచ్చిగా ఉంది గదా సార్. పొద్దుటికి ఆరితే తేలిపోద్ది. ఇదే సరిగ్గా మీ కార్డు రంగుకొస్తది."

"నాకు రంగు నేర్పుతావా? కంటి ముందు కనపడేది వదిలేసి, రేపు కనపడబోయేది చూడమంటావా? లేతగా కలుపు."

మీరావలి లేతగా కలిపాడు. ఆయన ఇంకా లేతగా అన్నాడు. తడిగా ఉన్నప్పుడు కార్డుకి సరిగ్గా సరిపోయాకే ఆయన తల ఊపాడు. పొద్దున్న చూస్తే గోడ మీద ఆ మచ్చ ఉందో లేదో కనిపెట్టడానికి వెతుక్కోవాల్సి వచ్చింది. ఉత్త తెలుపు. ముదురని పక్కన పెట్టిన మొదటి మచ్చ మాత్రం ఆరి, కార్డులో మూడో రంగు దిగొచ్చినట్టు నిలబడి ఉంది. దానివంక ఆయన చూడను కూడా చూడలేదు. అది నిన్న తీసేసిన రంగు. ఓసారి తీసేసిన కాగితం మళ్ళీ చూడటం ఆయన ఆఫీసులో అలవాటు లేదు.

ఇలా పద్నాలుగు మచ్చలయ్యాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి బయట కార్డు పట్టుకుని నలుగురికీ చూపించాడు. సంఘపెద్ద ఏసోబు దాన్ని దూరంగా పట్టి చూసి, "ఎనిమిదీ ఒకటేగా అన్నా" అన్నాడు.

"నీ కంటికి అలాగే ఉంటాయిలే" అని ఈయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏసోబు అనే కాదు, ఆ చుట్టుపక్కల కళ్ళున్న వాళ్ళందరి మీదా జాలి పడుతున్నట్టుంది. పక్కన నిలబడ్డ జ్ఞానమణి దగ్గు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ దగ్గు ఆయనకి వినపడలేదు. కార్డు ఎండలో ఎలా ఉందో చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున పదిహేనో మచ్చ కూడా తెల్లబడేసరికి ఆయన మీరావలి మీద విరుచుకుపడ్డాడు.

"నాకు అర్థమైంది. నా ముందు సరైన పాళ్ళలో కలుపుతావు, నేను అటు వెళ్ళగానే పొడి దాచేసి మళ్ళీ ఉత్త సున్నం పూస్తావు. లేకపోతే రాత్రికి రాత్రి రంగు ఎక్కడికి పోద్ది?"

మీరావలి కుంచె నీళ్ళలో జాడించాడు. ఇరవై ఏళ్ళుగా సున్నాలు వేస్తున్న మనిషి. మొహంలో కోపం కూడా రాలేదు. పసివాణ్ణి చూసినట్టు చూశాడు.

"మా ఇంట్లో జైతున్‌బీకి అక్షరం ముక్క రాదు సార్. అదైనా పచ్చిగోడ చూసి పేచీ పెట్టదు. ఆరిందాకా ఆగుద్ది."

"నీ పెళ్ళాన్ని చూసి నేర్చుకోమంటావా నన్ను? రేపట్నుంచి రావొద్దు. తాళంచెవి ఇలా పడెయ్."

జ్ఞానమణి బస్సుకి తయారై వసారాలో నిలబడి ఉంది. తల ఇంకా తడారలేదు. పైన మేడ మీంచి తాపీల చప్పుడు వినపడుతోంది.

"మీరావలీ," అంది. "ఆ గోడల మీద నీళ్ళు పడితే ఏమవుద్ది?"

"ఏమవుద్దమ్మా. సున్నమేగా. కాస్త పొడి రాలుద్ది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంటుకుంటది."

"చెమ్మ పట్టి రంగు పట్టదన్నారు ఈయన."

"స్నానాలగది గోడ తడవకుండా ఎట్టా ఉంటదమ్మా?"

ఆవిడ చెయ్యి చాపింది. ప్రభుదాసు కూడా చాపాడు. మీరావలి ఇద్దరి చేతులూ చూసి, చెవి ఆవిడ చేతిలో పెట్టి, డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

"నువ్వు బళ్ళో పాఠాలు చెప్పుకో. ఇలాంటివి నీకు తెలీవు" అన్నాడు ప్రభుదాసు.

ఆవిడ చెవి కొంగున ముడేసుకుంది. బస్సు టైమైంది.

మర్నాడు నాలుగింటికి ఆవిడ లేవలేదు. ఆరింటికి లేచింది. కాగులో నీళ్ళు కాచుకుంది. బక్కెట్టు పట్టుకుని వెళ్ళి తాళం తీసి లోపల గడియ వేసుకుంది. గడియ పడిన చప్పుడుకి ప్రభుదాసు పళ్ళపుల్ల నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు.

"జ్ఞానమణీ. తలుపు తియ్యి. మచ్చలన్నీ కలిసిపోతాయే."

"కలవనియ్యండి."

"ఏ రంగో ఇంకా తేలలేదే."

లోపల వేణ్ణీళ్ళు గచ్చు మీద ధారగా పడ్డ చప్పుడైంది.

"తేలిందాకా సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకుంటాలెండి" అంది ఆవిడ లోపల్నుంచి. "మీరు ఆ తలుపు నెట్టకుండా కాస్త పక్కకి జరగండి. సందులోంచి గాలి కొడుతోంది."