కురుమూర్తి పేరు చాటింపు

ఎండుగడ్డి మంట మీద డప్పును అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, కురుమూర్తి వేలితో ఒక్క దెబ్బ వేశాడు. ఖంగుమంది. తోలు బిగిసింది. "ఇగ సూడు" అనుకుంటూ లేచాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచని ఒళ్లు, డప్పు పట్టీ రాసుకుని రాసుకుని భుజం మీద నల్లటి కాయ. ఊరికి మైకు వచ్చింది, ఫోన్లలో గ్రూపులు వచ్చాయి, ఇక చాటింపు ఎవడికి కావాలి? ఎన్నాళ్లో ఆ డప్పు గోడకు వేలాడింది. ఈ వారం మాత్రం ఈయనకు కాలు నిలిస్తే ఒట్టు!

కారణం యమున. అమరచింత పక్కనున్న ఈ ఊరి పిల్లే. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం వద్దనుకుని వచ్చి ఊరికి సొంత నెట్టు కడుతోంది. మిద్దె మిద్దెకూ అరచేయంత డబ్బా. ఒక డబ్బా పలికింది పక్క డబ్బా అందుకుని ఆ పక్కదానికి అందిస్తుంది. మధ్యలో కంపెనీ లేదు, టవర్ లేదు. బోరు నీళ్ల వంతు, పల్లి ధర, ఎవరి గొర్రె ఈనింది, అన్నీ ఊళ్లోనే తిరుగుతాయి. బయటి నెట్టులో ఒక పేరు కావాలంటే ముఖం తెలియని వాడెవడికో ఏటేటా అద్దె కట్టాలట! పేరుకు అద్దేమిటి, సిగ్గు లేకపోతే సరి. అందుకే యమున ఊరి పద్ధతే పెట్టింది. ఇంటివాళ్లు కోరిన పేరు డప్పు కొట్టి చాటాలి. పొద్దుగూకే లోపల ఎవరూ అడ్డం చెప్పకపోతే ఆ పేరు ఆ ఇంటిదే. చాటని ఇంటికి ఊరు పిలిచే పేరే పడుతుంది.

ఈ సాయంత్రం ఊరి డబ్బాలను అమరచింత డబ్బాలతో కలుపుతారు. అప్పటికి పేర్లన్నీ తేలాలి. కురుమూర్తి వీధి వీధీ తిరిగి మధ్యాహ్నం దాటేసరికి చాటింపు ముగించి ఇల్లు చేరాడు. గొంతు బొంగురుపోయింది, ఎడమ చెయ్యి లాగుతోంది, అయినా ముఖంలో హుషారు తగ్గలేదు.

"పెద్దనాయినా, ఇంకొక్క ఇల్లు మిగిలింది" అంది వెనకే వచ్చిన యమున. "మీదే. ఏం పేరు పెడదాం?"

కురుమూర్తి డప్పు భుజం నుంచి దించాడు. ఊరంతా దీన్ని డప్పోని ఇల్లంటుంది. నిన్న పుట్టిన పిల్లలు కూడా "ఓ డప్పన్నా" అంటారు. ఇక పుష్పమ్మ సంగతి సరేసరి. మొగుడి పేరు పెళ్లాం నోట రావడం వాళ్ల వాడలో తప్పు. ఆమెకు అతను ఎప్పుడూ కూతురి పేరుతో "నిరోష నాయినే".

"కురుమూర్తి ఇల్లు అని పెట్టు బిడ్డా" అన్నాడు నేల చూస్తూ. ఆ మాట అనాలని వారం నుంచి ఉబలాటపడుతున్నాడు పాపం.

"మస్తుంది! చాటుండ్రి మరి."

"నేనెట్ల చాటుత? తన పేరు తానే చాటుకుంటె ఎచ్చులు చెప్పుకునుడు అయితది. ఎవని పేరు వాడే చాటొద్దని నేనే గద నీకు చెప్పిన!"

నిజమే, తను తీసిన గోతిలో తనే పడ్డాడు. ఊళ్లో డప్పు పట్టేవాళ్లు ఇంకెవరూ లేరు. పొద్దుగూకితే అమరచింత దాకా ప్రతి డబ్బాలోనూ అది డప్పోని ఇల్లే.

గడప మీద పల్లికాయ ఒలుస్తున్న పుష్పమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "ఇటు తే ఆ డప్పు."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా? నలబై ఏండ్ల సంది ఇంటున్న."

"డప్పు సంగతి గాదే. పేరు చెప్పాలె. నా పేరు."

పుష్పమ్మ ముఖం ఎర్రబడింది. యమున చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తెల్వదనుకుంటున్నవా నీ పేరు?" అని గదిమి, పుష్పమ్మ డప్పు తగిలించుకుని వీధిలోకి నడిచింది.

మొదటి దెబ్బ తడబడింది. రెండోది కుదిరింది. "వినుండ్రో ఊరోల్లారా! ఇగో, ఈ వాడ మూలకున్న మా ఇంటి పేరు..." అక్కడ గొంతు ఆగిపోయింది. ఆడవాళ్లు గుమిగూడారు. "చెప్పవే పుష్పీ, నాలుక ఊడి కిందవడదులే!" అంది పక్కింటి రంగమ్మ.

పుష్పమ్మ కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది. "కురుమూర్తి! కురుమూర్తి ఇల్లు! అడ్డం చెప్పేటోల్లు పొద్దుగూకే లోపల రావాలె. వచ్చి నా మొకం జూసి చెప్పాలె!"

ఆ చివరి ముక్క చాటింపులో లేదు, ఆమె సొంతం. వీధంతా గొల్లుమంది.

ఇంటి ముందు బండ మీద కూర్చున్న కురుమూర్తికి అంతా వినపడింది. నలభై ఏళ్ల కాపురంలో ఆ నోట తన పేరు వినడం ఇదే మొదలు! నవ్వొచ్చింది, కళ్లు నిండాయి. ఇంకో వీధిలో ఇంకోసారి. పోనుపోను ఆమె గొంతులో బెరుకు పోయి దర్జా వచ్చింది.

"ఇనబడుతుందా బిడ్డా? నన్నే!" అన్నాడు.

"ఇనబడుతుంది పెద్దనాయినా" అని, యమున డబ్బా సరిచూడడానికి మిద్దె ఎక్కింది.

చేను నుంచి వస్తున్న పెద్ద రైతు రామన్న పుష్పమ్మకు ఎదురొచ్చి ఆగాడు. అడ్డం చెబుతాడేమోనని అందరూ అటే చూశారు. "గా డప్పోని పేరు కురుమూర్తా? ఇన్నేండ్లాయె, నాకు తెల్వకనే పాయె" అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

పొద్దుగూకింది. అడ్డం చెప్పడానికి ఒక్కరూ రాలేదు. యమున డబ్బాలో పేరు ఎక్కించింది. కాసేపటికి అమరచింత నుంచి జవాబు వచ్చింది: "కురుమూర్తి ఇల్లు, అందింది." ఆ పిల్ల కేకేసి మెట్లు దూకుతూ దిగింది. అప్పుడే పుష్పమ్మ చెమటలు కక్కుతూ మలుపు తిరిగింది. "అయిపాయె! ఊరంతా చెప్పిన! ఇగ ఎన్నిసార్లు పిలువుమంటె అన్నిసార్లు పిలుస్త!"

కురుమూర్తి గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాయి, పెదవుల మీద నవ్వు అలాగే ఉంది.

"నిరోష నాయినా" అని పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కదిపింది. యమున అతని చెయ్యి పట్టుకుని నాడి చూసి, మెల్లగా అతని ఒళ్లోనే పెట్టింది.

"కురుమూర్తీ" అంది పుష్పమ్మ, ఈసారి అతనొక్కడికే వినపడేలా.

బండ మీద అతని పక్కన, ఆమె వచ్చి కూర్చోవడానికని దులిపి నాలుగు మడతలు పెట్టి పరిచిన తువ్వాల ఉంది.