నక్క చూపు దూరే గంప

“ఈ కంతల్లోంచి నక్క కాలు దూరదు గదా?”

ఈ లోకంలో నా గురించి నేను విన్న మొదటి మాట అది. అప్పటికి నాకింకా అంచు కూడా కట్టలేదు. నక్క రాలేదు, కోడి పోలేదు. అయినా ఆ పిల్ల, ఇంకా మెడ నిలవని పసిబిడ్డని భుజాన వేసుకుని, ఎండలో నిలబడి, జరగని దాని గురించి అడుగుతోంది.

నేను ఒక కోళ్ల గంపను. నన్ను అల్లుతున్న మేదర దాలమ్మ తల ఎత్తకుండానే నా బద్దల మధ్య తన రెండు వేళ్లు పెట్టి చూపించింది. అవి కణుపు దాకా కూడా వెళ్లలేదు.

“నక్క కాలు దూరదమ్మా. నక్క సూపు దూరతాది. దానికి నానేటి సెయ్యగలను?”

ఆ మాట కూడా బద్దలతో పాటే నాలో అల్లుకుపోయింది.

అంతకు ముందు నేను కొండ మీద వెదురుని. ఆకాశం దాకా పెరుగుతాననుకునేదాన్ని. దాలమ్మ నన్ను నరికి, చీల్చి, నీళ్లలో నానబెట్టి, నడినెత్తి దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ వచ్చింది. నిటారుగా ఉన్నదాన్ని గుండ్రంగా వంచింది. ఆ ముసలి వేళ్లలో కొలబద్ద ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రతి కంతా ఒక్కటే కొలత. సాయంత్రానికి నా లోపల ఒక ఖాళీ ఏర్పడింది. అంతకుముందు లేని ఆ ఖాళీని చూసుకుని నేనే ఆశ్చర్యపోయాను. దాంతోపాటే భయం కూడా పుట్టింది. లోపల చోటున్నదానికే కదా, ఏం దాచాలో, ఎలా కాపాడాలో అనే దిగులు.

నన్ను కొన్న పిల్ల పేరు సుగుణ. కొండ కింద జీడితోటలు మొదలయ్యే చోట చివరి ఇల్లు వాళ్లది. మొగుడు లారీ డ్రైవరు, నెలకోసారి వస్తే వచ్చినట్టు. ఇంట్లో ఉండేది సుగుణ, ఆమె అత్త ఎర్నమ్మ, పాప వెన్నెల. సుగుణకి చిన్నప్పుడే తల్లి పోయింది. భయం వేస్తే చెప్పుకోవడానికి ఆమెకి ఉన్నది ఈ అత్తే. భయం వెయ్యని పూట మాత్రం నేను చూడలేదు. పాప దగ్గితే ఊపిరి అందదేమోనని, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదోనని. బావి గట్టు, పాము, పిడుగు, జీడిగింజల సొన, అన్నీ ఆమె లెక్కలో తన పిల్ల కోసమే పుట్టినవి.

ఎర్నమ్మ అందుకు ఎదురు. ఆవిడకి కోళ్లు తెలుసు, వాన తెలుసు, మనుషులు కూడా కాస్తో కూస్తో తెలుసు. మాట తక్కువ.

రోజూ పొద్దు వాలే వేళ సుగుణ కోళ్లని నా కింద మూసేది. మూసి, పెరట్లోంచే కేక వేసేది: “కోళ్లు మూసీసినానత్తా.”

లోపలి నుంచి ఎర్నమ్మ అడిగేది: “రాయెట్టినావా?”

రాయంటే పాత రుబ్బురోటి పొత్రం. మిక్సీ వచ్చాక పని పోయి, నా నెత్తి మీదికి చేరింది. నక్క నన్ను పడదోయకుండా అదే బరువు. నాతో అది ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ పిండి రుబ్బినదాన్నన్న గొప్ప దానిది.

“ఎట్టినాను,” అనేది సుగుణ.

అంతే. పెద్ద మాటలేం కావు. కానీ అత్త నోట ఆ ప్రశ్న వినపడ్డాకే సుగుణ భుజాలు కిందికి దిగేవి. ఈ ఇంట్లో తను పిలిస్తే పలికే మనిషి ఒకరున్నారని రోజుకొకసారి తేల్చుకోవడం అది. మనుషులు ఇలాంటి పెద్ద సంగతులన్నీ రాళ్ల గురించీ కోళ్ల గురించీ మాట్లాడుతున్నట్టే మాట్లాడుకుంటారు. చాలా రోజులకి గానీ ఆ పద్ధతి నాకు అంతుబట్టలేదు.

ఆ కోళ్లలో చుక్కలపెట్ట ఒకటుండేది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు. దాని అమ్మమ్మకి అమ్మమ్మని ఎర్నమ్మ కాపరానికి వస్తూ పుట్టింటి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. పుట్టింట్లో ఇప్పుడు మనుషులెవరూ లేరు. ఆ కోడి సంతు మాత్రం ఇక్కడ పెరట్లో తిరుగుతోంది. భాద్రపదంలో చుక్కలపెట్ట పదకొండు గుడ్ల మీద పొదుగు కూర్చుంది. రోజుకొక్కసారి, గింజలు తినడానికి మాత్రమే లేచేది. అప్పుడు మిగతా కోళ్లు దాని గింజల మీద పడకుండా నన్ను దాని మీద బోర్లించేవారు. ఆ కాసేపటికి నా మీద రాయి పెట్టేవారు కాదు.

పొదుగుకి పన్నెండో రోజు. పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నమే అయినా మునిమాపులా ఉంది. ఎర్నమ్మ రేషను బియ్యానికి వెళ్లింది. చుక్కలపెట్ట నా లోపల గింజలు ఏరుకుంటోంది. వెన్నెల అప్పటికి దోగాడుతోంది. చూరు కింద పొడి జాగాలో కూర్చుని గిన్నె వాయిస్తోంది. సుగుణ నాలుగడుగుల దూరంలో తడిసిన కట్టెలు సర్దుతోంది.

అప్పుడు వచ్చింది.

అది ఎటు నుంచి వచ్చిందో నేను చూడలేదు. ఒక క్షణం లేదు, మరుక్షణం ఉంది, అంతే. ఎండిన జీడాకు రంగు. తడిసిన వెంట్రుకల కొసల్లో నీటి చుక్కలు. పుల్లల్లాంటి కాళ్లు. బురదలో అడుగు వేస్తే చప్పుడు లేదు. బెల్లప్పాకంలా మెరిసే కళ్లు. నన్ను పుట్టించిందే దీని భయం. ఇన్నాళ్లూ నేను ఊహించుకున్న నక్కకి కోరలే ఉన్నాయి గానీ ఇంత అందం లేదు. చెప్పుకోకూడదు గానీ, ఆ క్షణంలో నా భయం కూడా కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

నక్కకీ పాపకీ మధ్య మూడు బారలు.

సుగుణ అరవలేదు. నన్ను ఒక్క ఊపుతో పెకలించి, కోడిని గాలికి వదిలేసి, తెచ్చి పాప మీద బోర్లించి, నా మీద తను పడుకుంది. రెండు చేతులతో నన్ను వాటేసుకుని కళ్లు మూసుకుంది. పొత్రం కన్నా బరువుగా ఉంది. ఆ గుండె నా బద్దల్ని అదరగొడుతోంది.

ఇక్కడ నుంచి జరిగింది నాకొక్కదానికే తెలుసు.

నక్క దగ్గరికి వచ్చింది. నా కంత దగ్గర మూతి పెట్టింది. దాలమ్మ అన్నట్టే కాలు దూరలేదు, చూపు దూరింది. లోపల నుంచి వెన్నెల దాన్ని చూసింది. చూసి, నవ్వి, కంతలోంచి ఒక వేలు బయటికి పెట్టింది. నక్క ఆ వేలిని వాసన చూసింది. దాని ఊపిరి వెచ్చగా నా మీద తగిలింది. పొట్ట కింద పాలతో బరువెక్కిన రొమ్ములు వేలాడుతున్నాయి. తోటలో ఎక్కడో దానికీ పిల్లలున్నాయి. మీద ఒక తల్లి, బయట ఒక తల్లి, మధ్యలో నేను. ఇంకో క్షణం గడిస్తే అదేం చేసేదో నాకు తెలియదు. ఎన్నిసార్లు తలుచుకున్నా తెలియదు.

ఆ క్షణం గడవలేదు. పారిపోవాల్సిన చుక్కలపెట్ట రెక్కలు విప్పి, ఈకలన్నీ లేపి, తనకి నాలుగింతలున్న జంతువు ముఖం మీదికి దూకింది. నక్క తల తిప్పింది. ఒక్క కొరుకు. అందులో కోపం లేదు. కోడిని నోట కరుచుకుని జీడిచెట్ల మధ్యకి, వానలోకి వెళ్లిపోయింది. నేల మీద మూడు చుక్కల ఈకలు మిగిలాయి.

ఎర్నమ్మ వచ్చేసరికి సుగుణ ఇంకా నా మీదే ఉంది. ఆవిడ కోడల్ని లేపి, నన్ను ఎత్తి, పాపని తీసుకుంది. తీసుకుని ముందు చేసిన పని ఏమిటంటే పాప చేతుల వేళ్లు పది, కాళ్ల వేళ్లు పది, ఒక్కొక్కటే తడిమి చూసుకోవడం. సుగుణ మొహాన కొంగు కప్పుకుని ఏడుస్తోంది. అత్త అలా వేళ్లు తడమడం ఆమె చూడలేదు. తర్వాతే ఎర్నమ్మకి ఈకలు కనపడ్డాయి.

“నక్క పసిగుంటనేటి సేస్తాదే? కోడికోసం వొచ్చినాది. నువ్వు కోడినొగ్గీసినావు.”

నిష్ఠూరంగా కూడా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పింది. కానీ సుగుణకి అది నిష్ఠూరంగానే తగిలింది.

“నీకు మనవరాలి కన్నా కోడెక్కువైపోనాదత్తా.”

ఎర్నమ్మ పాపని కోడలి చేతిలో పెట్టింది. లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం మిగిలిన కోళ్లని మూసి సుగుణ ఎప్పటిలాగే కేక వేసింది. లోపల నుంచి ఏమీ రాలేదు.

ఊరు మాత్రం బాగా మాట్లాడింది. ఒకావిడ వచ్చి నక్క మొహం చూశావు, ఇక నీ దశ తిరిగినట్టేనంది. ఇంకొకావిడ అది వెర్రి నక్కయితే గాలి సోకినా ప్రమాదమేనని చెప్పి, సుగుణ చేత మర్నాడు పాపని ఆస్పత్రికి మోయించింది. డాక్టరు గీతైనా లేదని చెప్పి పంపేశాడు. మూడోనాటికి ఊరి ఆ చివర అది చిరుతపులి అయింది. ఎర్నమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. రేగుముళ్లు నరికి తెచ్చి, ఒక్కతే పెరడు చుట్టూ కంచె కట్టింది. చేతులు గీరుకుపోయాయి. పొద్దున్నే కంచె అవతల బురదలో నక్క అడుగులు పడి ఉండేవి. అవి వచ్చి, ఆగి, వెనక్కి తిరిగేవి.

గుడ్లు మిగిలాయి. తల్లి లేని పదకొండు గుడ్లు. మిగతా పెట్టలేవీ పొదుగుకి రాలేదు. నక్క వచ్చిన పూటే, గుడ్లు చల్లారకముందే, పారెయ్యక ఏం చేస్తావని పక్కింటివాళ్లు అడిగితే సుగుణ వాళ్ల పాత గంప అడిగి తెచ్చుకుంది, కోళ్ల కోసం. నన్ను ఇంట్లోకి తీసుకెళ్లింది. చాటలో ఊక పోసి, గుడ్లు పేర్చి, నన్ను బోర్లించి, నా నడినెత్తి నుంచి ఒక బల్బు వేలాడదీసి, పైన గోనె కప్పింది. ఏదో పొలం కబుర్ల కార్యక్రమంలో విన్నదట.

భయపడేవాళ్ల చేతికి అలాంటి పని దొరకాలి. వేడి ఎక్కువైందేమోనని గోనె తీసేది, తక్కువైందేమోనని కప్పేది. రోజుకి నాలుగుసార్లు గుడ్లు తిప్పేది. ఒకరోజు ఒక గుడ్డుని బల్బుకి అడ్డంగా పట్టింది. నేనూ చూశాను. పెంకు లోపల ఎర్రటి నరాలు, చెట్టు కొమ్మల్లా. మధ్యలో నల్లటి చుక్క. అది ఎగిరెగిరి పడుతోంది. ఇంతకాలం కోళ్లని మూసిన దాన్ని, కోడి అంటే ఏమిటో నేను అప్పుడు తెలుసుకున్నాను.

మర్నాడు నా లోపల ఒక నీళ్ల గిన్నె కనపడింది. సుగుణ పెట్టింది కాదు. తేమ లేకపోతే పెంకు లోపలి పొర గట్టిపడి పిల్ల బయటికి రాలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు. సుగుణ గిన్నె వంక చూసింది, వంటింటి వైపు చూసింది, దాన్ని అక్కడే ఉంచింది. ఆ సాయంత్రం కేక కాస్త గట్టిగా వేసింది. జవాబు రాలేదు. అలా ఎనిమిది సాయంత్రాలు. నక్క పళ్లు ఎలా ఉంటాయో చూశాను గానీ, ఆ నిశ్శబ్దం కరిచినట్టు అవి కరుస్తాయనుకోను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నా అంచు ఊడిపోయింది, మూడు బద్దలు విరిగాయి. ఇప్పుడు గోడకి తగిలించి ఉల్లిపాయలు పోస్తున్నారు. వెన్నెల బడికి వెళ్తోంది. విరిగిన చోట బద్దలు ముట్టుకోవద్దని, గుచ్చుకుంటాయని, సుగుణ ఇప్పటికీ దానికి చెబుతూనే ఉంటుంది. పెరట్లో చుక్కల కోళ్లు తిరుగుతున్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఆ తొమ్మిదో సాయంత్రం గుర్తొస్తుంది.

ఆరోజు సుగుణ గుడ్లు తిప్పుతూ ఆగిపోయింది. ఒక గుడ్డు లోపల నుంచి “కీచ్” అంది. పెంకు ఇంకా చిట్లలేదు. లోకాన్ని చూడకుండానే పిలుస్తోంది. పిలిచి ఆగింది. మళ్లీ పిలిచి ఆగింది. ప్రతిసారీ ఆ ఆగడం ఎక్కువసేపు ఉంటోంది. సుగుణ భయంతో చెవి ఆనించింది. ఏం చెయ్యాలో తెలియలేదు. బయట పొద్దు వాలుతోంది, కోళ్లు మూయాలి. చేసేది లేక పెరట్లోకి వెళ్లింది.

వంటింట్లోంచి ఎర్నమ్మ వచ్చింది. ముళ్లు గీరిన చేతులతో గోనె తీసి, నేల మీద వంగి, నా కంత దగ్గర నోరు పెట్టింది. నక్క మూతి పెట్టిన కంతే. పెట్టి, గొంతు లోపల నుంచి, “కొక్... కొక్కొక్...” అంది. అచ్చం చుక్కలపెట్ట గొంతు. పొదుగు మీద కూర్చున్న తల్లి గుడ్డు లోపలి పిల్లకి అలాగే బదులు చెబుతుంది.

గుడ్డు పలికింది. దాని పక్కది పలికింది. టిక్కుమని ఎక్కడో పెంకు చిట్లింది.

పెరట్లోంచి సుగుణ కేక వినపడింది, ఆశ లేని గొంతుతో, అలవాటుగా. “కోళ్లు మూసీసినానత్తా.”

ఎర్నమ్మ నా దగ్గర నుంచి లేవలేదు. కళ్లు తుడుచుకోలేదు. గొంతులో ఇంకా కోడి శబ్దం ఉండగానే, తలుపు వైపు తిరిగి అడిగింది.

“రాయెట్టినావా?”