ఆ రెండో గీత మాకొద్దు

"మీ నీళ్ళు పాసయ్యాయి. ఇంకేం కావాలి మీకు?"

మా ఊరు కుమ్మరిగెడ్డలో మంచినీళ్ళ ట్యాంకు కింద కుర్చీ వేయించుకుని ఈ మాట అన్నది నీటి సరఫరా ఇంజనీరు మురళీమోహన్. ఆయన చేతిలో మాత్రం కొనితెచ్చుకున్న నీళ్ళ సీసా! నేనక్కడే ఉన్నాను, కళ్ళారా చూశాను. ఆయన ముందు నిలబడింది భాగ్యవతి, మా ఊరి రైతు ఇల్లాలు. పక్కన కూతురు రేఖ. ఆ పిల్ల నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పళ్ళనిండా గోధుమరంగు చారలు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. భాగ్యవతి చంకలో ఇంకొకడున్నాడు, ఈమధ్యే నీళ్ళు తాగడం మొదలెట్టినవాడు.

"దీని పళ్ళు ఎలాగూ పోనాయి బాబూ. ఈ గుంటడికైనా మంచినీరియ్యండి. ఈడు నోరారా నవ్వితే సూడాలని ఉన్నాది నాకు."

"రిపోర్టు వచ్చిందమ్మా. పర్మిసిబుల్ లిమిట్ దాటలేదు" అనేసి జీపెక్కాడు. సిగ్గుండాలి!

చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది చెవిపెట్టి వినండి. తాగునీటికి దేశంలో ఒక ప్రమాణముంది. అందులో ఫ్లోరైడ్‌కి గీత ఒకటి కాదు, రెండు. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదన్నది మొదటిది. ఇంకో నీటి ఆధారం లేనిచోట ఒకటిన్నర దాకా ఫరవాలేదన్నది రెండోది; ఇంజనీరు చెప్పిన పర్మిసిబుల్ లిమిట్ ఇదే. మా బోరు మొదటి గీత దాటింది, రెండోది దాటలేదు. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న మా సుహాసిని మా రైతుల సంఘం మీటింగులో ఇది చదివి చెప్పింది. మా ఊరి రైతు అప్పలసూరి వేరుశనగ చేను పని మధ్యలో వదిలి వచ్చాడు. ఒక్కసారిగా లేచాడు.

"అంటే దిక్కున్నోడికో గీత, దిక్కునేనోడికో గీతా? మనకి ఇంకో నీరు నేదని ఎవుడు సెప్పినాడు ఆళ్ళకి?"

ఎవడో కాదు, మేమే చెప్పాం. రేఖ పుట్టకముందు సర్పంచి భీమశంకరరావు గ్రామసభ పెట్టి, "ఇంకో ఆధారం నేదని సేతులెత్తండి, ట్యాంకు బేగొచ్చేస్తాది" అన్నాడు. ఎగబడి ఎత్తాం. అప్పటికే మా పొలాల కింద నుంచి లావుపాటి పైపులో నాగావళి ఏటి నీళ్ళు ఫ్యాక్టరీకి పోతున్నాయి. ఆ పైపు వెయ్యడానికి తవ్వింది మా చేలే. అయినా ఆ నీళ్ళు మావి కూడా అన్న ఊహే మాకు రాలేదు!

"అది కంపినీ నీరురా. మనదెలాగవుతాది?" అని ఆ సంఘం మీటింగులో పెద్దాయన జగన్నాధం అడ్డుపడ్డాడు.

"నాగావళి ఎవుడి బాబు సొమ్ము మావా?" అన్నాడు అప్పలసూరి.

మళ్ళీ గ్రామసభ వచ్చింది. ఇంటింటికీ మంచినీళ్ళు అందుతున్నాయని ఊరు ఒప్పుకుంటేనే పథకం పూర్తయినట్టు లెక్క. ఇంజనీరూ వచ్చాడు. "ఒప్పుకున్నోళ్ళు సేతులెత్తండి" అన్నాడు సర్పంచి.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఏటర్రా, సేతులు పడిపోనాయేటి?" అని నవ్వబోయాడు.

భాగ్యవతి లేచింది. "మాకు ఇంకో నీరున్నాది. అలాగే రాయండి. ఆ ఏటి నీరు సుద్ది సేసి మా ట్యాంకుకి మల్లించండి. కావాలన్నోళ్ళు ఎత్తండమ్మా సేతులు!"

సభంతా చేతులే. సర్పంచి సొంత మేనత్త లక్ష్మణమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"అలా రాయడం కుదరదు. రూల్సున్నాయి" అన్నాడు ఇంజనీరు.

"రూలు మేమూ సదివినాం బాబూ. మొదటి గీత మాకెయ్యండి!" అంది సుహాసిని. సర్పంచీ, ఇంజనీరూ తీర్మానాల పుస్తకం మూసేసి లేచిపోయారు. మేం ఇళ్ళకి పోలేదు. ఊరు ఊరంతా పొలాల్లోకి నడిచి, పైపు మీది వాల్వు బిగించేసి, చుట్టూ కూర్చున్నాం. మా ట్యాంకుకి రాని నీళ్ళు ఫ్యాక్టరీకీ పోవన్నాం.

పొద్దువాలేసరికి పోలీసు వ్యాన్లొచ్చాయి. ఆడా మగా తేడా లేకుండా లాగి పడేశారు. స్టేషన్లో ఎస్సై కాగితాలు పంచాడు, ఇకమీదట ఆ వాల్వు జోలికి పోబోమని సంతకం పెడితే ఇంటికి పోవచ్చట. "చంటిపిల్లాడి తల్లివి, ముందు నువ్వు పెట్టు" అన్నాడు భాగ్యవతితో.

"ఒకపాలి మీరు సెప్పినట్టే సెయ్యెత్తినాం. మా రేక పళ్ళు పోనాయి. ఇప్పుడు నాను సంతకమెడితే ఈడివీ పోతాయి. సంతకం ఎట్టను."

పిల్లాణ్ణి చంకనేసుకుని లాకప్పు వైపు తనే నడిచింది. వెనకాలే మేమందరం. కాగితాలు బల్లమీదే ఉండిపోయాయి.

అప్పుడు ఎస్సై ఫోను మోగింది. వాల్వు తిప్పడానికి వెళ్ళిన పోలీసులు చేసిన ఫోను అది. మా ఊరివాళ్ళం అందరం స్టేషన్లోనే ఉన్నాం. అయినా వాల్వు చుట్టూ జనం కూర్చునే ఉన్నారట, మేం కదలం అంటున్నారట. పైపు పొడవునా ఉన్న ఊళ్ళవాళ్ళు. వాళ్ళ బోర్లకీ అదే రెండో గీత.