వేసవి చార్టులో నీలి గీత

రైళ్ళను నడిపించినవాడికి ఇద్దరు పిల్లల్ని నడిపించడం ఒక లెక్కా అని నేను అన్న మాట నిజమే. అన్నది మా కోడలు రాజశ్రీతో, ఏప్రిల్ నెలలో, చారన్నం కలుపుకుంటూ. ముప్పై మూడేళ్ళు సికింద్రాబాద్ కంట్రోల్ ఆఫీసులో కంట్రోలర్‌గా చేసి రిటైరయినవాణ్ణి. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగాలో, దేన్ని ముందు వదలాలో చెప్పడమే నా ఉద్యోగం. ఉమామహేశ్వర్ డ్యూటీలో ఉంటే స్టేషన్ మాస్టర్లు టీ కూడా నిలబడి తాగేవాళ్ళని ఆఫీసులో చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పింది నేనేననుకోండి.

మా చిక్కు ఇది. నాలుగేళ్ళుగా ఇంట్లోంచే పనిచేస్తున్న రాజశ్రీని ఉప్పల్‌లోని ఆమె కంపెనీ టీమ్ లీడ్‌ని చేసింది. రోజూ ఆఫీసుకు రావాలంది. అది కూడా సరిగ్గా పిల్లల వేసవి సెలవులు మొదలయ్యే సోమవారం నుంచి. మా అబ్బాయి హృషికేశ్‌కు కాజీపేటలో డ్యూటీ, ఇంటికి వచ్చేది ఆదివారాలే. మా ఆవిడ ఛాయాదేవి అమ్మాయి పురిటికని విశాఖపట్నం వెళ్ళింది, జులై దాకా రాదు. నాగారంలో వియ్యపురాలికి మోకాళ్ళ ఆపరేషన్ అయి నెల తిరగలేదు. బోడుప్పల్‌లో సమ్మర్ క్యాంపంటూ ఒకటుంది గానీ అందులో రోజుకు రెండు గంటలు బొమ్మలు గీయించి ఇంటికి పంపేస్తారు. ఇక నాచారంలో, మా ఫ్లాట్‌లో మిగిలింది నేను.

"మీతోని అయితదా మామయ్యా?" అంది రాజశ్రీ. "టీవీ ముంగట కూసోబెట్టుడు గాదు. అమృత మూడో తరగతికి పోతది, ఇంకా వత్తులు కూడబలుక్కుంట సదువుతది. చైతూ ఒకటికి పోతడు, అక్షరాలే సక్కగ రావు."

"చదువూ చెప్తాను, అన్నమూ పెడతాను. నువ్వు బ్యాగు సర్దుకో."

"సరే, వారం సూస్త. శనివారం నాటికి నాకు నమ్మకం కుదరకపోతే సోమవారం రాజీనామా ఇస్త. పోరగాళ్ళకన్న ఎక్కువ గాదు నాకు నౌకరి."

ఈ మాట తేలిగ్గానే అంది. కానీ ప్రమోషన్ లెటర్ వచ్చిన రోజు ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని ఇల్లంతా రెండుసార్లు తిరగడం నేను చూశాను. నా మూలంగా అది పోకూడదనుకున్నాను. పోదని కూడా అనుకున్నాను, నా మీద నాకు ఆపాటి నమ్మకం ఎప్పుడూ ఉండేదే.

ఆ ఆదివారం కంట్రోల్ ఆఫీసు పద్ధతిలోనే చార్టు గీశాను. పైన అడ్డంగా గంటలు. పక్కన నిలువుగా స్టేషన్లు: టెర్రస్, వంటిల్లు, హాల్లో బల్ల, బాల్కనీ, బాత్రూం. బండి కదిలితే గీత ఏటవాలుగా పోతుంది, ఆగితే అడ్డంగా సాగుతుంది. అమృత ఎక్స్‌ప్రెస్, ఎర్ర గీత. చైతూ ప్యాసింజర్, నీలి గీత. మాస్టారు ఒక్కడే కాబట్టి మాది సింగిల్ లైను. ఒకరు నా దగ్గరుంటే రెండోవారు పక్క పట్టాల మీద, లూప్‌లో, ఆగాలి. లూప్ అంటే బాల్కనీ తలుపు పక్కన వేసిన మడతకుర్చీ. నేను ఆకుపచ్చ చేతిగుడ్డ ఊపేదాకా లేవకూడదని నియమం పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సోమవారం నుంచి బండ్లు నడిచాయి. ఎండ ముదరకముందే టెర్రస్ మీద కుండీలకు నీళ్ళు పోశాం. అమృత కుండీల్ని మూడేసి చొప్పున లెక్కపెట్టి మూడో ఎక్కం తనంతట తనే కట్టుకుంది. చైతూ తడివేలితో నేల మీద అక్షరాలు రాశాడు, 'అ' పూర్తయ్యేలోపే దాని తల ఆరిపోయేది. వాడు పగలబడి నవ్వి మళ్ళీ రాసేవాడు. వంటింట్లో పప్పు డబ్బాలకు పేర్లు రాసి అంటించింది అమృత, వత్తులతో సహా. పోట్లాట లేదు, ఏడుపు లేదు. రాజశ్రీ ఆఫీసు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "రైట్ టైం" అని చెప్పి పెట్టేసేవాణ్ణి. మూడు రోజులూ చార్టు అడుగున కూడా అదే రాశాను, ఎంత దర్జాగా రాశానో!

గురువారం మామిడిపండు ముక్కలతో అమృతకు భాగహారం చెప్పాను. పిల్ల చటుక్కున అందుకుంది. పన్నెండు ముక్కలు నలుగురికి, పద్దెనిమిది ముక్కలు ఆరుగురికి. అందుకుంటున్న పిల్లను వదలబుద్ధి కాదు ఏ మాస్టారుకైనా. ఇంకొకటి, ఇంకొకటి అంటూ చెప్పుకుపోయాను. ఈలోగా మా ఆవిడ ఫోన్ చేసింది, మనవరాలి భాగహారం గురించి ఆమెకు వర్ణించి చెప్పాను. ఫోన్ పెట్టి గడియారం చూస్తే పన్నెండూ పది. పదీ పదికే వదలాల్సిన ప్యాసింజర్ గుర్తొచ్చింది.

వాడు కుర్చీలోనే ఉన్నాడు. పలక ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు దగ్గరగా ముడుచుకుని, నా వైపే చూస్తున్నాడు. నిక్కరు తడిసిపోయింది. కుర్చీ కింద నీళ్ళు బాల్కనీ గుమ్మం దాకా పారాయి.

"ఎందుకు పిలవలేదురా?" అన్నాను. గొంతు హెచ్చింది, భయంతో.

"గుడ్డ ఊపలే గదా తాతయ్యా." వాడు ఏడవలేదు. "అక్క ఎక్స్‌ప్రెస్. నేను ప్యాసింజర్ గదా, ఆగాలె."

వాణ్ణి ఎత్తుకున్నాను. నా లుంగీ, బనీను తడిస్తే తడిశాయి. స్నానం చేయించి, అన్నం కలిపి నోట్లో పెట్టి, పక్కన పడుకోబెట్టుకుంటే రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. నాకు మాత్రం కన్ను మూతపడలేదు. లేచి చార్టు ముందు నిలబడ్డాను. నీలి గీత నాలుగు రోజుల్లో బాల్కనీ దగ్గర అడ్డంగా సాగిన చోటల్లా వేలు పెట్టి కూడి చూశాను. ఏడు గంటల ఇరవై నిమిషాలు. అయిదేళ్ళ పిల్లాడు అంతసేపు కుర్చీలో ఊరికే కూర్చున్నాడు. వాడికి నేను చదువు చెప్పింది రెండు గంటలు. గీసింది నేనే, రోజూ చూసుకుని మురిసిందీ నేనే. సిగ్గేసింది. ఎక్స్‌ప్రెస్ కోసం ప్యాసింజర్‌ని ఆపడం నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ బండిలో మనుషులుంటారని సర్వీసులోనూ ఎన్నడూ ఆలోచించలేదు.

నిక్కరు ఉతికి తీగ మీద వేస్తే ఆ ఎండకు అరగంటలో ఆరిపోయింది. చైతూ నిద్ర లేచి అదంతా మరిచి ఆడుకుంటున్నాడు. నేను చెప్పకపోతే రాజశ్రీకి తెలిసే దారే లేదు. చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోవడమే ఆమెకు మేలు చేసినట్టని ఆ సాయంత్రమంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇలాంటి విషయాల్లో నేను మహా గట్టి లాయర్ని.

శుక్రవారం కుర్చీ మడిచి అటక మీద పెట్టేశాను. చైతూని ముందు కూర్చోబెట్టుకున్నాను. అమృతను ఆపలేదు, తమ్ముడికి పలక పట్టుకోమన్నాను. ఎవరికి దాహమేస్తే వాళ్ళు లేచి వెళ్ళారు. అనుకున్నదాంట్లో సగమే అయింది, ఇల్లంతా గోల. ఆ గోల మధ్యలో వాడు 'అ' నుంచి 'ఋ' దాకా చూడకుండా రాశాడు.

శనివారం సాయంత్రం రాజశ్రీ టీ గ్లాసుతో చార్టు ముందుకొచ్చింది. గురువారం అడుగున, ముందురోజు రాత్రి ఉండబట్టలేక నేను రాసింది చూసింది. ఆలస్యం రెండు గంటలు. కారణం: కంట్రోలర్ తప్పు. నా సర్వీసు మొత్తంలో ఆ కారణం ఒక్కసారి కూడా రాయలేదు నేను. ఇంజనో, సిగ్నలో, పట్టాల మీదికొచ్చిన గేదో, ఏదో ఒకటి దొరికేది.

"ఇదేంది మామయ్యా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. నిక్కరు సంగతీ చెప్పాను, ఏడు గంటల ఇరవై నిమిషాల లెక్కా చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది.

"అయిదేండ్ల పోరడు మామయ్యా! మీ బండ్లా, నా కొడుకా?"

ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లాప్‌టాప్ తెరిచిన చప్పుడయింది. రాజీనామా రాస్తోందనుకున్నాను. మంచి ఉద్యోగం, మంచి కోడలు పెట్టుకున్న నమ్మకం, రెంటినీ చెడగొట్టాను కదా అని కుమిలిపోయాను. అరగంటకు తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మీరు చెప్పకపోతే నాకు తెల్వకపోతుండె. ఎందుకు చెప్పిన్రు?"

"దాచిపెడితే నువ్వు నన్ను నమ్మి వెళ్ళినట్టు కాదు కదమ్మా. నేను రాసిన అబద్ధాన్ని నమ్మి వెళ్ళినట్టు."

ఆమె చైతూని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తాతయ్యతోని ఉంటవా, అమ్మ ఇంట్లనే ఉండాల్నా?" అని అడిగింది.

"నువ్వు పో. మాకు 'ఎ' ఉంది రేపు," అన్నాడు వాడు.

"రేపు ఆదివారంరా," అంది అమృత.

"అయితే ఎల్లుండి."

రాజశ్రీ వాడి తల నిమురుతూ నా వైపు చూసింది. "మామయ్యా, వచ్చేవారం గూడ ఏదన్న తప్పు అయితది. అయితే చెప్పున్రి, గంతే," అంది.

సోమవారం ఆమె బయల్దేరింది. పదకొండింటికి ఫోన్ మోగింది. చైతూ నా భుజమెక్కి కూర్చున్నాడు, అమృత నేల మీద శనగపప్పు ఒలకబోసి లెక్కపెడుతోంది. రైట్ టైం అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ముప్పావు గంట లేటమ్మా. ఇల్లంతా శనగపప్పు. ఇద్దరూ బాగున్నారు."

అవతల రాజశ్రీ నవ్వింది. "సరే మామయ్యా, నాకు మీటింగుంది," అంటూ, పిల్లలకివ్వమని కూడా అడగకుండా ఫోన్ పెట్టేసింది.