స్విచ్చు మీద జమున పేరు

కూర దించి, అన్నం మీద మూత పెట్టి, బకెట్లో నీళ్ళు నింపింది జమున. మొదటి షిఫ్టు దిగి వచ్చే మొగుడు కిషన్ కోపానికి ఇంట్లో ఏ సాకూ మిగలకూడదు. మిగిలింది ఒక్కటే: హాల్లో, కూలర్ ప్లగ్ తీసి ఆ పాయింటుకే తగిలించిన లాప్‌టాప్. సెంటినరీ కాలనీలోని ఆ క్వార్టర్‌లో వంటింటి పాయింటు చెడి ఏళ్ళయింది. ఇంటాయన గనిలో ఎలక్ట్రీషియనే మరి!

ఆ లాప్‌టాప్‌ను నడిపే లినక్స్ అనే సిస్టమ్ తీరు వేరు. దుకాణంలో పిండి కొనుక్కోవడం కాదు, బియ్యం కడిగి, ఆరబెట్టి, విసురుకోవడం. కోడ్‌ను ప్రోగ్రాముగా మలిచే కంపైలర్‌ను జమున మార్చింది గనక లోపలున్న ప్రతి ప్రోగ్రామునూ కోడ్ నుంచి మళ్ళీ కట్టుకుంటోందది. బ్యాటరీ ఏనాడో చచ్చింది. మధ్యలో ప్లగ్ పీకితే అసలు లేవకపోవచ్చు. కిందటిసారి కిషన్ అలాగే పీకాడు, జమున చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. "ఇంట్ల కూసోని టకటక కొట్టుడు గూడ పనేనా? బొగ్గుబాయిల నుంచి వచ్చిన, నాకు గాలి కావాలె" అన్నాడు. "మొగడు చెమటలు కక్కుతుంటె డబ్బాకు కరెంటా?" అంది అత్త సారవ్వ. చివరికి తప్పయిందని చెప్పుకున్నది జమునే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ ఒకరు పనిస్తామన్నారు. సాయంత్రమే ఈ మిషను మీద పరీక్ష. అందుకే ఒక అట్టముక్క మీద ఎర్రగా రాసి స్విచ్చుకు వేలాడదీసింది. గనిలో లైను మీద మనిషి పనిచేస్తుంటే స్విచ్చుకు తన పేరున్న బోర్డు తగిలిస్తాడు. తగిలించినవాడే దాన్ని తీయాలి, మేనేజరైనా ముట్టకూడదు. కిషన్ నలుగురిలో గొప్పగా చెప్పుకునే కట్టుబాటు అది.

బండి చప్పుడైంది. తీసేద్దామా అని జమున చేయి బోర్డు దాకా వెళ్ళింది కూడా. ఇంతలో కిషన్ లోపలికి రానే వచ్చాడు. వస్తూనే అలవాటుగా ప్లగ్ మీదికి చేయి చాచి, ఆగిపోయాడు.

"పని నడుస్తున్నది. ముట్టొద్దు. జమున." పైకే చదివాడు. "ఏందే ఇది?"

"బోర్డు."

"ఆటలా? తియ్యి."

ఆయనే పీకెయ్యొచ్చు. కానీ ఇన్నేళ్ళ డ్యూటీ ఆ చేతిని పట్టి ఆపింది. దవడలు బిగించి, ఆమె వైపే చూస్తున్నాడు. తప్పయిందన్న మాట జమున నోటిదాకా వచ్చింది.

"పని కాలేదు," అంది. "అయినంక నేనే తీస్త."