మొదటి సోమవారం, పన్నెండు గంటలకు

టెన్నిస్ బంతికి చాకుతో గాటు పెట్టి, బొటనవేళ్లతో దాని నోరు తెరిచి, కుర్చీ కాలికి తొడిగాడు తౌనో. తరగతిలో ఇరవై నాలుగు కుర్చీలు, కుర్చీకి నాలుగు బంతులు. సగం ఆదివారమే కోసిపెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. కిటికీ బయట ఇంకా చీకటి, పైగా ఎడతెగని మంచు. అరవై నాలుగేళ్ల మోకాళ్లు నేలకు ఆని నొప్పెడుతున్నాయి. ఎడమచెయ్యి కూడా పొద్దున్నించీ బరువుగా ఉంది. దానిమీద పడుకుని ఉంటాననుకుని వదిలేశాడు.

బడికి కాపలా, మరమ్మతులు, ఊడ్చే పని అన్నీ అతనివే. రెండో తరగతి పిల్ల పిహ్లాని అతను బల్బులు మార్చడానికి వచ్చినప్పుడల్లా చూశాడు. కుర్చీ నేలమీద గీసుకుంటే చాలు, చెవులు మూసుకుంటుంది. నలుగురు ఒకేసారి లేస్తే బల్లకింద దూరుతుంది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా బుర్రకెక్కదు. చప్పుడు లేని రోజున మాత్రం లెక్కలు అందరికన్నా ముందు చేసేస్తుంది. ఇవాళ పదకొండున్నరకి పురపాలక కార్యాలయం నుంచి ఇర్మెలి అనే సైకాలజిస్టు వచ్చి ఆ పిల్లని తరగతిలో చూస్తుంది. ఇవాళ కూడా బల్లకింద దూరిందంటే, క్రిస్మస్ తర్వాత అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రత్యేక బడికి పంపేస్తారు.

క్లాసు టీచరు కైసా కాఫీ కప్పుతో లోపలికొచ్చి నిలబడిపోయింది.

"ఇదేంటి తౌనో, బంతులాట పెట్టారా?"

"కుర్చీలకి మేజోళ్లు తొడిగాను టీచరమ్మా. పిల్లలందరూ ఉన్ని మేజోళ్లతో తిరుగుతుంటే, పాపం ఇవేం చేశాయి?"

కైసా నవ్వింది. చెడ్డ మనిషి కాదు. అన్నీ అలవాటైతే అవే పోతాయనుకునే రకం, అంతే.

తౌనో చూపు గోడమీది క్యాలెండరు మీద పడింది. "ఇవాళ నెలలో మొదటి సోమవారం."

"అయితే?"

"పన్నెండింటికి సైరను మోగుతుంది."

నెలనెలా మొదటి సోమవారం మధ్యాహ్నం ఫిన్లాండ్ అంతటా సైరన్లు మోగించి చూస్తారు. చిన్నప్పట్నించీ విని విని ఎవరి చెవికీ ఎక్కదు. ఆ నిమిషాన చేతిలో చెంచా కూడా ఆగదు. అందుకే ఇంతమంది చదువుకున్నవాళ్లు కూచుని తేదీ వేసినా ఒక్కరికీ తట్టలేదు. అసలే ఆ సైరను ఈ బడి కప్పుమీదే ఉంది.

కైసా ఫోన్ చేసింది. ఇర్మెలి అప్పటికే బయల్దేరింది. మళ్లీ కుదిరేది జనవరిలోనే, నిర్ణయం మాత్రం ఈ వారమే.

"ఏడు సెకన్లేగా. ఎప్పటికైనా ఓర్చుకోవడం నేర్చుకోవాలి కదా," అంది కైసా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

"అది నేర్పితే వచ్చేది కాదు టీచరమ్మా. నాకు ఆరేళ్లు నేర్పారు."

అంతకుమించి చెప్పలేదు. హార్మోనియం మోగినప్పుడల్లా చెవులు మూసుకున్నాడని ఆ ఆరేళ్లూ అతన్ని మూలన నిలబెట్టారు. మొద్దు అన్నారు, అతనూ నమ్మాడు. పద్నాలుగేళ్లకు బడి మానేసి, పదిహేడేళ్లకు చీపురు పట్టుకుని మరో బడికొచ్చాడు. అప్పట్నించీ తరగతి తలుపుకి ఇవతలే బతికాడు. తలుపులు కిర్రుమనకుండా చమురు పెట్టాడు. పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో టిక్కుటిక్కుమనే గడియారం కూడా లేదు.

పన్నెండుకి మూడు నిమిషాలుండగా, స్క్రూడ్రైవరు చేతబట్టుకుని, ఏదో కుర్చీ బిగించే వంకతో తరగతిలోకి నడిచాడు. వెనక బల్ల దగ్గర ఇర్మెలి రాసుకుంటోంది. చంకలోంచి నారింజరంగు చెవికప్పులు తీశాడు. మంచు తోసే యంత్రం నడిపేటప్పుడు అతను చెవులకు బిగించుకునేవి అవే. పిహ్లా పక్కన మోకాళ్లమీద కూచున్నాడు.

"కాసేపట్లో కప్పుమీద మోగుతుంది. ఏడు లెక్కపెట్టు, ఆగిపోతుంది. ఇవి పెట్టుకో."

"మరి నీకొద్దా తాతా?"

"నాకు అలవాటేలే," అని అబద్ధమాడాడు. "ఇంటికెళ్లేటప్పుడు నా గది తలుపు పిడికి తగిలించు. మర్చిపోకు."

"నాకూ కావాలి!" అని ఎవడో అరిచాడు. కైసా ఏదో అనబోయి ఇర్మెలి వంక చూసి ఊరుకుంది.

సైరను లేచింది. కిటికీ అద్దాలు అదిరాయి. తౌనో బల్ల కాలు పట్టుకుని పళ్లు బిగించాడు. పిహ్లా మొహం పాలిపోయింది. ఆమె చేతిలో పెన్సిల్ ఆగింది. ఒకటి, రెండు, మూడు. పిల్ల కుర్చీలో ముందుకి జారింది. బల్లకిందికి పోతుందనే అనుకున్నాడు. నాలుగు, ఐదు. పెదాలు కదులుతున్నాయి. ఆరు. ఏడు.

మోత అణిగింది. పిహ్లా వెనక్కి జరిగి కూచుని తర్వాతి లెక్క మొదలుపెట్టింది.

వరండాలో ఇర్మెలి అతన్ని ఆపింది. "ఆ కప్పులు మీవేనా?"

"నావే. తప్పయితే నన్ననండి, పిల్లని కాదు."

"తప్పని ఎవరన్నారు? ఆ అమ్మాయి ఇక్కడే చదువుకుంటుందని రాస్తున్నాను. ఆ బంతులు, కప్పులు కూడా రాస్తాను."

తౌనోకి యాభై ఏళ్లుగా మూలన నిలబడినవాణ్ని ఎవరో వచ్చి కూచోమన్నట్టయింది. కళ్లు తుడుచుకుంటూ టోపీ చెవులమీదికి లాక్కుని, పిల్లలు ఇంటికెళ్లేలోపు దారి చెయ్యాలని యంత్రం తీసుకుని ఆవరణలోకి వెళ్లాడు.

ఒంటిగంటన్నరకి పిల్లలు బొమ్మలు వేస్తున్నారు. చెవికప్పులు బల్లమీద పెట్టి కూచున్న పిహ్లా చెయ్యెత్తింది.

"టీచర్, తాత మిషన్ ఒక్కచోటే మోగుతోంది. కదలట్లేదు."

మిగతా ఎవరికీ ఏమీ వినబడలేదు. పొద్దున్నయితే కైసా, నీ బొమ్మ నువ్వు వేసుకో అనేదే. ఇప్పుడు కిటికీ దగ్గరికి నడిచింది. యంత్రం గుర్రుమంటూ నిలబడే ఉంది. పక్కన, జారకుండా దారిమీద చల్లే ఇసుకపెట్టె మీద తౌనో గోడకానుకుని కూచున్నాడు. ఒళ్లోని చేతులమీద మంచు తెల్లగా పేరుకుంటోంది, అతను దులుపుకోవడం లేదు. కైసా మేజోళ్లతోనే బయటికి పరుగెత్తింది.

అంబులెన్స్ వెళ్లేటప్పుడు మోత చెయ్యలేదు. ఆ అవసరం లేకపోయింది.

పిల్లలంతా వెళ్లాక కైసా తడి మేజోళ్లతో కింద బాయిలర్ పక్కనున్న అతని గది దాకా వెళ్లింది. తలుపు పిడికి, చెప్పినట్టే, నారింజరంగు చెవికప్పులు వేలాడుతున్నాయి.